డాక్టరు గది ముందు విశ్వాసి

"ఇక ఆ గడప తొక్కను మౌల్వీ సాబ్. చస్తే ఇంట్లోనే చస్తాను."

ఒకరోజు ఇషా నమాజు తరువాత మస్జిదు వరండాలో ఒక పెద్దాయన నాతో అన్న మాట ఇది. ఆయనకు అరవై దాటాయి. సైకిల్ షాపు నడిపి నలుగురు పిల్లల్ని పెంచారు. పదేళ్లుగా షుగరు ఉంది. ఆ రోజు ఉదయం ఏడింటికే వెళ్లి టోకెన్ తీసుకున్నారట. డాక్టరు గారు వచ్చేసరికి పదకొండు దాటింది. ఈయన వంతు వచ్చేసరికి ఒంటిగంటన్నర. కుర్చీలో సర్దుకుని కూర్చునేలోపే లోపల చీటీ రాయడం మొదలైంది. కాలి బొటనవేలి పక్కన చిన్న పుండు లేచిందని చూపిద్దామనుకున్నారు. చెప్పు విప్పబోతుండగానే కాంపౌండరు తరువాతి పేరు పిలిచేశాడు. నెల క్రితం చేయించిన పరీక్షలే మళ్లీ రాశారు. "ఇవి మొన్ననే చేయించాను సార్" అంటే, "డాక్టరు నువ్వా, నేనా?" అని జవాబు వచ్చింది. వయసులో ఆ డాక్టరు ఈయన చిన్న కొడుకంత ఉంటాడు.

నేను ఆయన భుజం మీద చేయి వేసి, "సబర్ చేయండి చాచా, సబర్‌కు గొప్ప పుణ్యం ఉంది" అన్నాను. ఆయన తల ఊపి వెళ్లిపోయారు.

నా మాటను ఆయన ఎలా అర్థం చేసుకున్నారో నాకు తరువాత తెలిసింది. ఆసుపత్రికి వెళ్లకుండా ఇంట్లో ఓర్చుకుని కూర్చోవడమే సబర్ అనుకున్నారు. మాత్రలు మానేశారు. ఎవరో 'ప్రవక్త వైద్యం' అని రాసి ఉన్న పొట్లం ఇస్తే ఆ పొడిని తేనెలో కలుపుకుని తిన్నారు. నాలుగు నెలలు గడిచాక కాలి వేళ్లు రెండు తీసేయవలసి వచ్చింది. నేను ఆయనకు సగం మాటే చెప్పాను. చెప్పని ఆ మిగతా సగాన్ని ఇప్పుడు రాస్తున్నాను.

ఫిర్యాదులో నిజం

ముందుగా ఒకటి ఒప్పుకోవాలి. చాచా చెప్పినదాంట్లో అబద్ధం లేదు. ప్రాథమిక వైద్యం చేసే డాక్టరు ఒక్కో రోగికి ఎంత సమయం ఇస్తున్నాడన్న విషయం మీద 67 దేశాల సమాచారాన్ని క్రోడీకరించిన ఒక పరిశీలన 2017లో వెలువడింది. సగటున స్వీడన్‌లో 22 నిమిషాలకు పైగా, మన దేశంలో సుమారు 2 నిమిషాలు, బంగ్లాదేశ్‌లో 48 సెకన్లు అని అందులో తేలింది. రెండు నిమిషాలంటే మనిషి తన బాధ ఎక్కడ మొదలైందో చెప్పడానికే చాలవు. అందులో ముసలివారు, చదువు రానివారు, ఉర్దూ తప్ప మరో భాష సరిగా మాట్లాడలేని మన ఇళ్లలోని అమ్మీలు, నానీలు ఏం చెప్పుకోగలరు?

దీనికంతటికీ డాక్టరు అహంకారమే కారణమనడం న్యాయం కాదు. ప్రభుత్వాసుపత్రి ఓ.పీ.లో ఒక్క పూటలో వంద మందిని చూడవలసివచ్చే యువ డాక్టరు, రాత్రి డ్యూటీ చేసి నిద్ర లేకుండా వచ్చి కూర్చున్నవాడు కూడా కావచ్చు. అయితే అవసరం లేని పరీక్షలు రాసేవారు, కమీషన్ కోసం ఫలానా చోటికే పంపేవారు అసలే లేరని కూడా ఎవరూ అనలేరు.

దివ్యఖుర్ఆన్‌లో కొలతల్లో తగ్గించేవారి గురించి ఒక సూరాయే ఉంది. అదే సూరా అల్ ముతఫ్ఫిఫీన్. తమకు రావలసింది నిండుగా కొలిచి తీసుకుని, ఇతరులకు ఇవ్వవలసి వచ్చినప్పుడు తగ్గించేవారికి వినాశం తప్పదని అందులో హెచ్చరిక ఉంది. ఈ హెచ్చరిక కిరాణా కొట్టు తక్కెడకే పరిమితం కాదని, ఇతరుల హక్కును తగ్గించే ప్రతి వ్యవహారానికీ వర్తిస్తుందని పండితులు విశదీకరించారు. ఫీజు నిండుగా తీసుకుని రోగి మాటను సగం కూడా వినకపోవడం ఈ కోవలోకే వస్తుందని నేను భావిస్తున్నాను. జీతం తీసుకుంటూ పాఠం చెప్పని ఉపాధ్యాయుడికీ, జుమా ప్రసంగానికి సిద్ధం కాకుండా మింబరు ఎక్కే నాలాంటివాడికీ కూడా అదే కొలబద్ద. కనుక రోగి కోపాన్ని అవిశ్వాసమని గానీ, కృతఘ్నత అని గానీ కొట్టిపారేయకూడదు. ఆ కోపం మనిషిని ఎటు నడిపిస్తుందన్నదే మనం ఆలోచించవలసిన సంగతి.

వైద్యుడు ఎవరు? రఫీఖ్ ఎవరు?

అబూ దావూద్ హదీసు గ్రంథంలో హజ్రత్ అబూ రిమ్సా (రజి) ఉల్లేఖనం ఒకటి ఉంది. ఆయన తన తండ్రితో కలిసి దైవప్రవక్త ముహమ్మద్ (సఅసం) సన్నిధికి వెళ్లారు. దైవప్రవక్త (సఅసం) వీపు మీద ఉన్న ప్రవక్తృత్వ ముద్రను చూసి ఆ తండ్రి అదేదో వ్యాధి అనుకున్నారు. తాను వైద్యుడినని, అనుమతిస్తే దానికి చికిత్స చేస్తానని అన్నారు. అప్పుడు దైవప్రవక్త (సఅసం) ఆయనకు ఒక మాట నేర్పారు. అసలు వైద్యుడు అల్లాహ్ అని, నీవు రఫీఖ్‌వని, దాన్ని సృష్టించినవాడే దాని వైద్యుడని ఆ మాట సారాంశం.

రఫీఖ్ అన్న పదం దగ్గర కాస్త ఆగుదాం. దాని మూలం 'రిఫ్ఖ్', అంటే మృదుత్వం. రఫీఖ్ అంటే మృదువుగా వ్యవహరించేవాడు, తోడుగా నడిచేవాడు. ప్రయాణంలో తోడు వచ్చేవాడిని కూడా రఫీఖ్ అంటారు. దైవప్రవక్త (సఅసం) ఆ మనిషి వృత్తిని తక్కువ చేయలేదు, చికిత్స పనికిరాదనీ అనలేదు. ఆయనకు ఆయన స్థానం చూపించారు. స్వస్థత అల్లాహ్ చేతిలో ఉంది. రోగి దారిలో తోడుండి, బాధను మృదువుగా తగ్గించే పని మనిషిది.

మన చుట్టూ ఏం జరుగుతోందో ఈ హదీసు వెలుగులో చూడండి. ఆపరేషన్ బాగా జరిగిన రోజు డాక్టరును దేవుడంటాం, ఆయన కాళ్లకు మొక్కేవారు కూడా ఉన్నారు. అదే ఆపరేషన్ వికటించిన రోజు ఆసుపత్రి అద్దాలు పగులుతాయి. డాక్టర్లంతా దొంగలే, హంతకులే అంటాం. ఈ రెండూ ఒకే పొరపాటుకు రెండు ముఖాలు. అల్లాహ్‌కు చెందవలసిన భరోసాను తీసుకువెళ్లి ఒక మనిషి భుజాల మీద పెట్టాం. ఏ మనిషి భుజాలూ దాన్ని మోయలేవు. మన నమ్మకం డాక్టరు మీద పోయిందా, లేక అక్కడ ఉండకూడనంత నమ్మకం ఉండి పోయిందా అన్నది ఎవరికి వారు తరచి చూసుకోవాలి.

సూరా అష్షుఅరాలో హజ్రత్ ఇబ్రాహీం (అలై) తన జాతివారి ఎదుట తన ప్రభువును పరిచయం చేసే సందర్భం ఉంది. తనను సృష్టించినవాడు, మార్గం చూపేవాడు, తినిపించి తాగించేవాడు ఆయనేనని చెబుతారు. వ్యాధి దగ్గరకు వచ్చేసరికి మాత్రం తాను జబ్బుపడినప్పుడు అని తనవైపు చెప్పుకుని, నయం చేసేవాడు ఆయనే అని స్వస్థతను అల్లాహ్‌కు ఆపాదించారు. వ్యాఖ్యాతలు ఇందులోని మర్యాదను ప్రత్యేకంగా ప్రస్తావించారు. ఈ మాట గుండెల్లో పెట్టుకుని డాక్టరు గదిలోకి వెళ్లే మనిషి, డాక్టరు మొహం ఎత్తి చూడకపోతే నొచ్చుకుంటాడు గానీ కూలిపోడు.

అలాగైతే ఆసుపత్రి ఎందుకు?

నయం చేసేవాడు అల్లాహ్ అయినప్పుడు మందులెందుకని కొందరు అడుగుతారు. ఇది కొత్త ప్రశ్న కాదు. పల్లెవాసులైన కొందరు అరబ్బులు దైవప్రవక్త (సఅసం)ను ఇదే అడిగారని హజ్రత్ ఉసామా బిన్ షరీక్ (రజి) ఉల్లేఖించారు. వైద్యం చేయించుకోమని ఆయన ఆదేశించారు. వృద్ధాప్యం ఒక్కటి తప్ప మందు లేని రోగాన్ని అల్లాహ్ సృష్టించలేదని తెలిపారు. ఒంటెను కట్టివేసి ఆ తరువాత అల్లాహ్ మీద భారం వేయమన్న తిర్మిజీ ఉల్లేఖనం మనలో చాలామందికి నోటికి వచ్చు. దాన్ని వ్యాపారం సంగతిలో గుర్తుచేసుకుంటాం. షుగరు మాత్ర దగ్గర మరచిపోతాం.

వైద్యం చేయించుకోవడం తప్పనిసరా, లేక అనుమతించబడిన విషయమేనా అన్నదాంట్లో పూర్వ ధర్మవేత్తల మధ్య భేదాభిప్రాయం ఉంది. చాలామంది దాన్ని ధర్మసమ్మతమని, మంచిదని అన్నారే గానీ ప్రతి వ్యాధికీ విధి చేయలేదు. అయితే అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖ్హ్ అకాడమీ 1992లో జిద్దాలో జరిగిన తన 7వ సమావేశంలో ఈ విషయాన్ని విడమరచి చెప్పింది. వైద్యం మానేస్తే ప్రాణం పోయే ప్రమాదం, అవయవం పోయే ప్రమాదం లేదా మనిషి అశక్తుడయ్యే ప్రమాదం ఉన్నప్పుడు, లేక ఆ వ్యాధి ఇతరులకు అంటుకునేది అయినప్పుడు వైద్యం చేయించుకోవడం విధి అవుతుందని తీర్మానించింది. షుగరు ఉన్నవారి కాలి పుండు అవయవానికి ముప్పు తెచ్చే వ్యాధే. షుగరు వల్ల నరాల స్పర్శ తగ్గుతుంది, అందుకని నొప్పి తెలియదు. రక్తం సరిగా అందదు, అందుకని పుండు మానదు. నొప్పి లేదు కదా అని ఊరుకున్న కాలే ఎక్కువ ప్రమాదంలో ఉంటుంది. ఆనాడు చాచాకు నేను ఈ సంగతి చెప్పి ఉండవలసింది.

మిమ్మల్ని మీరు చేజేతులా వినాశంలో పడవేసుకోవద్దన్న అల్ బఖర సూరా ఆదేశం దైవమార్గంలో ఖర్చు చేసే సందర్భంలో వచ్చినదే. అయినా దాని పదాలు విశాలమైనవని, తెలిసి తెలిసి ప్రాణం మీదకు తెచ్చుకునే ప్రతి పనికీ వర్తిస్తాయని పండితులు అన్నారు.

ఎవరు మేలైన వైద్యుడు?

వైద్యం చేయించుకోవాలన్నంత మాత్రాన మొదట కనిపించిన డాక్టరుకే కళ్లు మూసుకుని ఒళ్లు అప్పగించాలని ధర్మం చెప్పలేదు. ఇమామ్ మాలిక్ (రహ్మలై) ముఅత్తాలో ఒక సంఘటన ఉంది. దైవప్రవక్త (సఅసం) కాలంలో ఒక వ్యక్తికి గాయమైంది. రక్తం గడ్డకట్టింది. ఆయన బనూ అన్మార్‌కు చెందిన ఇద్దరిని పిలిపించారు. వారిని చూసి దైవప్రవక్త (సఅసం) మీలో ఎవరు మేలైన వైద్యులని అడిగారు. వైద్యంలో మేలు ఉందా అని వారు ఆశ్చర్యపోతే, రోగాన్ని దించినవాడే మందునూ దించాడని సమాధానమిచ్చారు. ఇద్దరిలో ఎవరు ఎక్కువ సమర్థుడో విచారించడం అపనమ్మకం కాదని, సున్నత్ అని ఇమామ్ ఇబ్నుల్ ఖయ్యిమ్ (రహ్మలై) వంటి పండితులు దీన్నుంచి గ్రహించారు. కనుక డాక్టరును మార్చడంలో దోషం లేదు. పెద్ద ఆపరేషన్ అన్నప్పుడు మరొక డాక్టరు అభిప్రాయం తీసుకోవడంలో మొహమాటపడవలసింది కూడా ఏమీ లేదు. చాచా డాక్టరును వదిలి ఉంటే బాగుండేది. ఆయన వైద్యాన్నే వదిలేశారు.

హజ్రత్ సాద్ బిన్ అబీ వఖ్ఖాస్ (రజి) ఉదంతం ఇంకా స్పష్టంగా ఉంటుంది. ఆయన జబ్బుపడితే దైవప్రవక్త (సఅసం) పరామర్శకు వెళ్లారు. ఛాతీ మీద చేయి ఉంచారు. ఆ చేతి చల్లదనం తన గుండెకు తెలిసిందని హజ్రత్ సాద్ (రజి) చెప్పుకున్నారు. ఆ తరువాత దైవప్రవక్త (సఅసం) ఆయన్ను సఖీఫ్ తెగకు చెందిన హారిస్ బిన్ కలదా దగ్గరకు వెళ్లమన్నారు, అతను వైద్యం చేసే మనిషి అని చెప్పారు. ఏడు అజ్వా ఖర్జూరాలను గింజలతో సహా దంచి ఇవ్వాలని కూడా సూచించారు. ఈ హదీసు అబూ దావూద్‌లో ఉంది. హారిస్ ఇస్లాం స్వీకరించాడా లేదా అన్నదాంట్లో చరిత్రకారులకు ఏకాభిప్రాయం లేదు. అయినా అతని దగ్గరకే పంపారు. నైపుణ్యం ఉన్నవాడు ఏ మతంవాడైనా సరే అతని దగ్గర చికిత్స పొందవచ్చనడానికి పండితులు దీన్ని ఆధారంగా చూపుతారు.

'ప్రవక్త వైద్యం' పేరుతో పొట్లాలు అమ్మేవారు ఈ హదీసును రెండుసార్లు చదవాలి. మందు ఏమిటో దైవప్రవక్త (సఅసం)కు తెలుసు. తెలిసి కూడా వైద్యుడి చేతుల మీదుగా ఇప్పించారు. తేనెలో స్వస్థత ఉందని దివ్యఖుర్ఆన్ తెలిపింది. నల్లజీలకర్ర గురించి సహీహ్ బుఖారీలో హదీసు ఉంది. వీటిని మనం మనస్ఫూర్తిగా విశ్వసిస్తాం. కానీ ఏ రోగికి, ఎంత, దేనితో కలిపి, ఎన్నాళ్లు అన్నది తెలియని మనిషి, షుగరు రోగికి తేనెలో పొడి కలిపిచ్చి మాత్రలు మానమంటే, ఆ మాట దైవప్రవక్త (సఅసం)ది కాదు. ఆయన పేరు పెట్టుకుని చేసే వ్యాపారం అది. వైద్యం తెలిసినవాడిగా పేరు లేకుండా వైద్యానికి పూనుకున్నవాడే జరిగిన నష్టానికి బాధ్యుడని కూడా ఆయనే నిర్ణయించారు. ఆ హదీసు అబూ దావూద్, నసాయీ, ఇబ్నుమాజా గ్రంథాల్లో ఉంది. దాన్ని ఏ పొట్లం మీదా అచ్చు వేయరు.

అజ్ఞానానికి మందు అడగడమే

ఇప్పుడు నా మనసును ఎక్కువగా కదిలించిన హదీసు చెబుతాను. హజ్రత్ జాబిర్ (రజి) ఉల్లేఖనం, అబూ దావూద్‌లోనిదే. సహచరులు కొందరు ప్రయాణంలో ఉండగా వారిలో ఒకరి తలకు రాయి తగిలి గాయమైంది. ఆ రాత్రి ఆయనకు గుసుల్ తప్పనిసరి అయ్యే పరిస్థితి వచ్చింది. తయమ్ముమ్‌తో సరిపెట్టుకునే వెసులుబాటు తనకు ఉందా అని తోటివారిని అడిగారు. నీళ్లు ఉన్నాయి గనుక లేదని వారు చెప్పేశారు. ఆయన స్నానం చేశారు, ప్రాణం పోయింది. ఈ సంగతి తెలిసి దైవప్రవక్త (సఅసం) ఎంత బాధపడ్డారంటే, వారే అతన్ని చంపారని అన్నారు. తెలియనప్పుడు ఎందుకు అడగలేదని నిలదీశారు. అజ్ఞానమనే రోగానికి మందు అడిగి తెలుసుకోవడమేనని బోధించారు.

ఆ సహచరుల ఉద్దేశం చెడ్డది కాదు. తమకు తెలిసిందే ధర్మమనుకుని చెప్పారు. మన వీధి అరుగుల మీద రోజూ జరిగేది కూడా ఇదే. "ఆ మాత్ర వేస్తే కిడ్నీలు పోతాయి భాయ్, మానెయ్." "మా బావకూ ఇలాగే ఉంటే ఫలానా ఆకు తిని తగ్గించుకున్నాడు." ఫోనులో వచ్చిన వీడియో చూసి బీపీ మాత్ర ఆపేసినవారు ఎందరో. సమాచారం వస్తే నిర్ధారించుకోవాలన్న అల్ హుజురాత్ సూరా ఆదేశాన్ని మనం గొడవల విషయంలోనే చదువుతాం. మందుల విషయంలోనూ చదవాలి. నేను చాచాకు చెప్పిన సబర్ మాట కూడా ఇలాంటిదే. కాలి పుండు సంగతి ఆయన చెప్పినా, అది ఎంత ప్రమాదమో ఎవరినీ అడక్కుండానే నాకు తెలిసిన జవాబు ఇచ్చేశాను.

అడగడం రోగికీ ఒక బాధ్యతే. రెండు నిమిషాలే దొరుకుతాయని తెలిసినప్పుడు ఆ రెండు నిమిషాలకు సిద్ధమై వెళ్లాలి. ఇంట్లో కూర్చుని చదువుకున్న పిల్లల చేత ఒక కాగితం మీద మూడు ప్రశ్నలు రాయించుకోండి. బాధ ఎప్పుడు మొదలైందో, ఏ పూట ఎక్కువవుతుందో ఒక వరుసలో రాయించుకోండి. అన్నింటికన్నా ముఖ్యమైనది ఏదో అదే మొదట చెప్పండి. పుండు ఉంటే కుర్చీలో కూర్చున్నాక చెప్పు విప్పడం కాదు, తలుపు దగ్గరే విప్పి లోపలికి వెళ్లండి. పాత పరీక్షల కాగితాలు, వేసుకుంటున్న మాత్రల అట్టలు సంచిలో ఉంచుకోండి. "ఇవి మొన్ననే చేయించాను" అని చెబుతూ చేతిలో కాగితం పెడితే ఆ మాటకు బలం వస్తుంది. కొత్త పరీక్ష రాస్తే, దాని ఫలితాన్ని బట్టి వైద్యంలో ఏం మారుతుందని మర్యాదగా అడగండి. అదే మందు జనరిక్ పేరుతో తక్కువ ధరకు దొరుకుతుందా అని అడగడంలో సిగ్గుపడవలసింది లేదు. ఒంటరిగా వెళ్లకండి. భయంలో విన్నది సగం చెవిన పడదు, తోడు వచ్చినవారు వింటారు.

నిజం చెప్పండి. మాత్రలు మానేసి, డాక్టరు అడిగితే వేసుకుంటున్నామని చెప్పేవారిని నేను చాలామందిని చూశాను. మాత్ర పనిచేయలేదనుకుని డాక్టరు మోతాదు పెంచుతాడు. ఈసారి భయపడి నిజంగానే వేసుకుంటే షుగరు ఒక్కసారిగా పడిపోయి మనిషి స్పృహ తప్పవచ్చు. డాక్టరు మనతో నిజం చెప్పాలని కోరుకునే హక్కు మనకు ఉన్నట్టే, మన నుంచి నిజం వినే హక్కు అతనికీ ఉంది.

తప్పు జరిగితే

ఇబ్నుల్ ఖయ్యిమ్ (రహ్మలై) జాదుల్ మఆద్‌లో వైద్యుడి బాధ్యతను వివరిస్తూ ఒక ముఖ్యమైన తేడా చూపారు. నైపుణ్యం ఉండి, అనుమతి తీసుకుని, చేయవలసినదంతా సరిగా చేసిన వైద్యుడి చేతిలో రోగికి నష్టం జరిగితే అతను బాధ్యుడు కాడు. వైద్యం రాకుండా చేసినవాడు బాధ్యుడు. నైపుణ్యం ఉన్నవాడే అయినా చేయి జారి తప్పు చేస్తే దానికి వేరే విధి ఉంది. మరణం సంభవించిన ప్రతిచోటా హత్య జరిగిందనుకోవడం ఈ తేడాను చెరిపేయడమే. ఎక్కువ అనుమానాలకు దూరంగా ఉండమని, కొన్ని అనుమానాలు పాపమని అల్ హుజురాత్ సూరా చెబుతోంది. అన్ని అనుమానాలూ పాపమని మాత్రం అనలేదు, గమనించండి. ఆధారం ఉన్న సందేహాన్ని విచారణకు పెట్టాలి.

మన చరిత్రలో దీనికి మంచి ఉదాహరణ ఉంది. హిజ్రీ 319లో, అంటే క్రీ.శ. 931లో, బాగ్దాద్‌లో ఒక వైద్యుడి పొరపాటు వల్ల ఒక రోగి మరణించాడు. ఆ వార్త ఖలీఫా అల్ ముఖ్తదిర్ దాకా వెళ్లింది. వైద్యుడి ఇంటి మీద జనం పడలేదు. నగరంలో వైద్యం చేసేవారందరినీ పరీక్షించమని, అర్హులకే అనుమతి పత్రం ఇవ్వమని సినాన్ బిన్ సాబిత్‌ను ఖలీఫా ఆదేశించాడు. అలా పరీక్షకు నిలిచినవారు 860 మందికి పైగా ఉన్నారని చరిత్రకారులు రాశారు. ప్రఖ్యాతి వల్లనో, రాజాశ్రయం వల్లనో పరీక్ష అవసరం లేదనుకున్నవారిని ఆ లెక్కలో చేర్చలేదు. అంటే సిఫారసు ఆనాడు కూడా ఉందన్నమాట! అయినా ఒక ప్రాణం పోతే ఒక పద్ధతి ఏర్పడింది.

ఈనాడు మనకూ పద్ధతులు ఉన్నాయి. భారత వైద్య మండలి 2002లో రూపొందించిన నియమావళి ప్రకారం రోగి గానీ, అతను అధికారమిచ్చినవారు గానీ అడిగితే వైద్య రికార్డులను 72 గంటల్లో ఇవ్వాలి. డబ్బు తీసుకుని చేసే వైద్యం వినియోగదారుల చట్టం పరిధిలోకి వస్తుందని సుప్రీం కోర్టు 1995లో తీర్పు చెప్పింది. వైద్య వృత్తి ధర్మాన్ని ఉల్లంఘించిన డాక్టరు మీద రాష్ట్ర వైద్య మండలికి ఫిర్యాదు చేయవచ్చు. ఇవన్నీ నిదానంగా నడుస్తాయి, నిజమే. ఆవేశంలో డాక్టరు మీద చేయి చేసుకుంటే మాత్రం దొరికేది న్యాయం కాదు, కేసు. ఆసుపత్రుల మీద, వైద్య సిబ్బంది మీద దాడులను శిక్షార్హం చేస్తూ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2008లోనే ప్రత్యేక చట్టం వచ్చింది. చట్టం సంగతి అలా ఉంచితే, ఆ గందరగోళంలో పక్క మంచం మీద ఉన్న రోగి గతి ఏమిటి?

సోదరీమణుల సంగతి వేరుగా చెప్పాలి. లేడీ డాక్టరు లేదని, పరదా పోతుందని లోపలి జబ్బును ఏళ్ల తరబడి దాచుకున్నవారు మన ఇళ్లలో ఉన్నారు. లేడీ డాక్టరును వెతకడం మంచిదే, వీలైనంతవరకు అదే చేయాలి. దొరకనప్పుడు, అవసరమైన మేరకు, మహ్రమ్ గానీ మరో స్త్రీ గానీ తోడుండగా పురుష డాక్టరు చూడటాన్ని ధర్మవేత్తలు అనుమతించారు. యుద్ధాల్లో తాము దైవప్రవక్త (సఅసం) వెంట ఉండి గాయపడినవారికి నీళ్లు తాగించి చికిత్స చేసేవారమని హజ్రత్ రుబయ్యి బిన్తె ముఅవ్విజ్ (రజి) చెప్పిన హదీసు బుఖారీలో ఉంది. స్త్రీలు పురుషులకు వైద్యం చేసిన చరిత్ర మనది. భార్య నొప్పి అన్నప్పుడు "ఓర్చుకో" అని తేలికగా అనే భర్తలకు కూడా ఈ మాట చెందుతుంది.

డాక్టర్లయిన సోదరులకు

అల్లాహ్ దయవల్ల ఇప్పుడు మన పిల్లలు కూడా చాలామంది డాక్టర్లవుతున్నారు. వారికి ఒక మనవి. సలహా అడగబడినవాడు అమానతుదారుడని దైవప్రవక్త (సఅసం) చెప్పారు. రోగి మీ ముందు ఉంచేది తన శరీరాన్ని, తన రహస్యాన్ని, చాలాసార్లు అప్పు చేసి తెచ్చిన డబ్బును. సమయం లేదన్నది నిజమే కావచ్చు. కానీ తల ఎత్తి సలాం చెప్పడానికి, "కాలు చూపించండి చాచా" అనడానికి ఎంత సమయం పడుతుంది? హజ్రత్ సాద్ (రజి) ఎన్నో ఏళ్ల తరువాత కూడా గుర్తుంచుకుని చెప్పినది ఛాతీ మీద ఆనిన ఒక చేతి గురించి. జబ్బుపడిన దాసుడిని పరామర్శించి ఉంటే నన్ను అక్కడే పొంది ఉండేవాడివని ప్రళయదినాన అల్లాహ్ అంటాడని సహీహ్ ముస్లింలోని హదీసులో ఉంది. రోజూ వరుసగా మీ గది ముందు కూర్చునేది అలాంటి దాసులే.

చాచా వేళ్లు తీసేసిన తరువాత నేను ఆయన ఇంటికి వెళ్లి క్షమాపణ అడిగాను. ఆయన నవ్వి, మీరు చెప్పింది మంచిమాటే, నేనే తప్పుగా విన్నాను అన్నారు. అది ఆయన పెద్దమనసు. కట్టు మార్చే రోజున నేను తోడు వెళ్లాను. ఈసారి డాక్టరును మార్చాం. ప్రభుత్వాసుపత్రిలోనే వేరొక విభాగం. అక్కడా టోకెనే, అక్కడా మూడు గంటలే. జుహర్ నమాజు మెట్ల పక్కన వరండాలో చేసుకున్నాం. చాచా మనవరాలు నోటు పుస్తకం కాగితం మీద మూడు ప్రశ్నలు రాసిచ్చింది. పేరు పిలిచినప్పుడు చాచా చెప్పు బయటే వదిలి లోపలికి నడిచారు. డాక్టరమ్మ కాగితం తీసుకుని చదివి, మూడింటికీ జవాబు చెప్పింది, రెండోదానికి కాస్త విసుగ్గా. మొత్తం ఐదు నిమిషాలు పట్టిందేమో. మాత్రలు మానేశానని, పొడి తిన్నానని చాచా తానుగా ఒప్పుకున్నారు. ఆమె తిట్టింది. ఆయన తల వంచుకుని విన్నారు.

ఆటోలో తిరిగి వస్తుంటే నాలుగో ప్రశ్న గుర్తొచ్చింది ఆయనకు. రమజాన్ వస్తోంది కదా, రోజాలు ఉండవచ్చా అని. వెనక్కి వెళదామా అన్నాను. వద్దన్నారు. వచ్చే నెల కాగితంలో మొదటి ప్రశ్నగా రాయించుకుంటానని చెప్పి, ఆ కాగితాన్ని మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నారు.